చెల్లని చదువు, చెల్లే చాకిరీ

2019 వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు కువైట్ నుంచి ఫోను చేసి నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, నా పట్టా ఈడ చెల్లదంట. అకామాలో ఇంజనీరు అని రాయరంట. టెక్నీషియన్ అని రాస్తాం, సంతకం పెట్టు అంటాండారు. పని మాత్రం ఆ పనే. పెట్టేదా, వద్దా సార్?"

ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పటానికి నాకు పది రోజులు పట్టింది. అప్పుడు మొదలైన ఆలోచన ఇప్పటికీ తెగలేదు. అకామా అంటే ఆ దేశంలో వుండి పని చేసుకోవటానికి ఇచ్చే అనుమతి. దానిలో మనిషి పేరుతో పాటు అతని వృత్తి కూడా రాస్తారు. కారు నడిపే లైసెన్సు దగ్గర నుంచి పెళ్లాం బిడ్డలను తెచ్చుకోవటం దాకా చాలా సంగతులు ఆ ఒక్క మాట మీద ఆధారపడి వుంటాయి. జీతం సంగతి సరేసరి. ఒక మనిషికి ఒక విద్య వచ్చునో రాదో తేల్చే హక్కు ఎవరిది? ఆ విద్యను వాడుకుంటూనే, అది లేదని చెప్పే హక్కు ఎవరికైనా వుంటుందా? ఆ కుర్రవాడి ప్రశ్న వెనక వున్న ప్రశ్నలు ఇవి.

అతనిది రాయచోటి వైపు పల్లె. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాలలో కువైట్ అంటే పరదేశం కాదు, పక్క తాలూకా లాంటిది. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత మొదలైన వలస అది. వేరుసెనగ పోయిన ఏడు కొందరు, బోరు ఎండిన ఏడు కొందరు విమానమెక్కారు. (అంతకు ముందు 1961 దాకా కువైట్‌లో చెలామణీ అయింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసమని 1959లో మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు కూడా అచ్చు వేసింది. మన రూపాయి అక్కడ చెల్లకుండా పోయిన తరువాతనే మనవాళ్లు అక్కడి దీనారు కోసం బయలుదేరటం ఒక విచిత్రం.) ఆ కుర్రవాడి మేనత్త 2001లో వెళ్లింది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అక్కడ అరబ్బుల ఇంట్లో పని. ఆ పని చేసే ఆడదాన్ని అక్కడ ఖద్దామా అంటారు. అన్న కొడుకు ఇంజనీరింగు చదువుకు ఫీజులో కొంత మన ప్రభుత్వం కట్టింది. తక్కిన ఖర్చంతా, హాస్టలు బాకీలతో సహా, ఆమె పంపిన దీనార్లే తీర్చాయి. ఒక ఖద్దామా తన చాకిరీతో ఒక ఇంజనీరును తయారు చేసింది. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇంతకూ అతని పట్టా ఎందుకు చెల్లలేదు? 2018లో కువైట్ ప్రభుత్వపు కార్మిక వ్యవహారాల సంస్థ ఒక నిబంధన పెట్టింది. ఇంజనీరు అన్న పేరుతో అకామా కావాలన్నా, వున్నది కొనసాగాలన్నా కువైట్ ఇంజనీర్ల సొసైటీ ఆమోదపత్రం తేవాలి. ఆ సొసైటీ భారతదేశపు పట్టాలలో మన జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు వున్నవాటిని మాత్రమే ఒప్పుకుంటానన్నది. వినటానికి ఇది న్యాయంగానే వుంటుంది. మన బోర్డునే కదా వాళ్లు ప్రమాణంగా తీసుకున్నది! అయితే ఆ బోర్డు పుట్టిందే 1994లో. అంతకు ముందు చదివినవాడు, వాడు ఇరవై అయిదేళ్లుగా కువైట్‌లో వంతెనలు కడుతున్నవాడైనా సరే, పుట్టని బోర్డు నుంచి గుర్తింపు ఎట్లా తేగలడు? పైగా బోర్డు గుర్తింపు ఇచ్చేది కళాశాలకు కాదు, అందులోని ఒక్కొక్క కోర్సుకు. అదీ కొన్నేళ్ల గడువుతో. ఒకే కళాశాలలో, ఒకే వరండాలో, ఈ గదిలో చదివినవాడు ఇంజనీరు, ఆ గదిలో చదివినవాడు కాదు. దేశంలో పేరుమోసిన సంస్థలు కొన్ని ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోనే లేదు. వాటిలో చదివినవాళ్లు కూడా ఈ నిబంధన కింద ఇరుక్కున్నారు. మన విదేశాంగ శాఖ మాట్లాడింది. మాటలు జరుగుతూ వుండగా చాలామంది తమ అకామాలలో వృత్తి పేరు మార్పించుకుని, చేస్తున్న పనే చేసుకుంటూ వుండిపోయారు.

ఇక్కడ నేనొక సంగతి దాచితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆ నిబంధన వెనక వున్న అనుమానం పూర్తిగా గిట్టనివాళ్లు పుట్టించింది కాదు. మన సీమలో పల్లేరు కాయలు మొలిచిన చోట్లల్లా ఇంజనీరింగు కళాశాలలు మొలిచిన కాలం ఒకటి వున్నది. ఫీజులు ప్రభుత్వం కట్టటం మొదలైన తరువాత అవి మరీ పెరిగాయి. నేను భౌతికశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి. ఒక ఏడాది ఒక ప్రైవేటు కళాశాలవాళ్లు, విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ సంఘం వస్తున్నది, ఒక్క రోజు వచ్చి కూర్చోండి సార్, అన్నారు. వెళ్లాను. నా పేరుతో ఒక గది, గది ముందు ఒక బల్ల, బల్ల మీద నేను ఎన్నడూ పాఠం చెప్పని తరగతుల హాజరు పట్టీ. సాయంత్రం ఒక కవరిచ్చి కారులో ఇంటి దగ్గర దింపారు. అప్పుడు దాన్ని ఒక వేడుకగానే స్నేహితులకు చెప్పుకున్నాను. నాలుగేళ్ల తరువాత నాకు కువైట్ నుంచి ఫోను చేసిన కుర్రవాడు చదివింది ఆ కళాశాలలోనే. అతని పట్టా మీద అనుమానపడిన కువైట్ గుమాస్తాకు నా సంగతి తెలియదు. తెలిస్తే నేనేం జవాబు చెప్పగలను?

కాబట్టి, మన పట్టాలన్నీ మేలిమి బంగారమనీ, వాటిని ఒప్పుకోనివాడు దురహంకారి అనీ నేను అనను. వంతెన కూలితే చచ్చేది దాని మీద నడిచేవాడు. డాక్టరుకు వైద్యం రాకపోతే పోయేది రోగి ప్రాణం. కొత్తగా వచ్చినవాడి విద్యను పరీక్షించే హక్కు ఏ సమాజానికైనా వుంటుంది. కాని పరీక్ష వేరు, గేటు వేరు. పరీక్ష మనిషిని చూస్తుంది: నీకేమి వచ్చు, చేసి చూపించు, అంటుంది. చూపించినవాణ్ణి లోపలికి రానిస్తుంది. గేటు మనిషిని చూడదు. అతని చేతిలో వున్న కాగితాన్ని, ఆ కాగితం పుట్టిన దేశాన్ని చూస్తుంది. ఈ కుర్రవాణ్ణి ఎవరూ పరీక్షించలేదు. ఆపాటికి రెండేళ్లుగా అతను ఒక కంపెనీలో, పెద్ద భవనాలకు చల్లగాలి తీసుకుపోయే గొట్టాల లెక్కలు కట్టి పటాలు గీస్తున్నాడు. ఆ పటాల ప్రకారం గొట్టాలు బిగిస్తున్నారు. వాటిలో గాలి ఆడుతున్నది. పటం కింద సంతకం మాత్రం మరొకడిది.

అసలు విషయం ఇక్కడ వున్నదని నాకు తోస్తుంది. గుర్తింపు లేదు అనే మాటను మనం సాధారణంగా, నీ విద్య మాకు అక్కరలేదు, అనే అర్థంలో తీసుకుంటాము. అట్లా అయితే అది విచారకరమే గాని అన్యాయం కాదు. ఎడారిలో పడవలు చేసేవాడికి పని దొరకకపోతే ఎవరిని నిందిస్తాము? కాని మన కుర్రవాడి విద్య వాళ్లకు అక్కరలేనిది కాదు. ఆ విద్యతో ప్రతిరోజూ పని నడుస్తున్నది. వాళ్లు నిరాకరించింది విద్యను కాదు, దాని ధరను. "టెక్నీషియన్ అని సంతకం పెట్టు, పని మాత్రం అదే," అన్న ఒక్క వాక్యంలో మొత్తం వ్యవహారం దాగి వుంది. ఇంజనీరు చెయ్యవలసిన పని ఇంజనీరు చేతనే చేయించుకుని, టెక్నీషియన్ జీతం ఇస్తారు. ఆ తేడా ఎవరి జేబులో పడుతున్నదో చూడకుండా, ప్రమాణాలను గురించి ఎంత చర్చించినా ప్రయోజనం లేదు.

మార్క్స్ నిపుణ శ్రమను సామాన్య శ్రమకు ఇన్ని రెట్లు అని లెక్క కట్టాడు. ఎన్ని రెట్లన్నది ఉత్పత్తిదారులకు తెలియకుండా, వాళ్ల వెనక జరిగిపోయే ఒక సామాజిక ప్రక్రియ నిర్ణయిస్తుందన్నాడు. విద్యార్థిగా వున్నప్పుడు నాకీ భాగం కొరుకుడు పడలేదు. వలసపోయిన నిపుణుడి దగ్గర అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అతని విషయంలో ఆ ప్రక్రియ వెనక జరగదు, కౌంటరు దగ్గర అతని ఎదుటనే జరుగుతుంది. ఒక గుమాస్తా ఒక మాట కొట్టేసి మరొక మాట రాస్తాడు, అతని గంట శ్రమ సగం గంట శ్రమ అవుతుంది. ఆ శ్రమను నిపుణ శ్రమగా తయారు చేయటానికి అయిన ఖర్చు, మేనత్త చాకిరీ, ఆంధ్ర రాష్ట్రపు ఖజానా, పగలంతా చేనులో ఎండిన అతని తండ్రి ఆశ, ఇదంతా ఇక్కడ పడింది. ఫలితం అక్కడ అందింది, అదీ చౌకగా. 1970లలో మేధావుల వలసను గురించి గొడవ జరిగినప్పుడు ఆర్థికవేత్త జగదీశ్ భగవతి, వలస వెళ్లిన నిపుణుల ఆదాయం మీద పన్ను వేసి ఆ డబ్బు వెనకబడిన దేశాలకు ఇవ్వాలన్నాడు. మంచి ఆలోచనే. కాని అది వెళ్లినవాడికి పూర్తి ధర ముడుతున్నదనే నమ్మకం మీద నిలబడి వున్నది.

గుర్తింపు అనేది విద్యను బట్టి కాక అవసరాన్ని బట్టి వస్తూ పోతూ వుంటుందనటానికి డాక్టర్ల చరిత్ర కంటె మంచి సాక్ష్యం లేదు. కర్నూలులో వైద్య కళాశాల 1950ల చివర ఏర్పడింది. అటువంటి మన కళాశాలల నుంచి డాక్టర్లు బ్రిటనుకు ప్రయాణం కట్టిన 1960లలో అక్కడి జాతీయ ఆరోగ్య వ్యవస్థ డాక్టర్ల కోసం వాచిపోయి వున్నది. మన పట్టాలు నిక్షేపంగా చెల్లాయి. 1975లో బ్రిటిష్ జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతదేశపు వైద్య పట్టాలకు గుర్తింపు తీసేసి పరీక్ష పెట్టింది. ప్రమాణాల మీద అనుమానాలు వచ్చాయన్నారు. అనుమానాలు నిజమే కావచ్చు. కాని 1974లో బయటికి వచ్చినవాడికీ, 1976లో బయటికి వచ్చినవాడికీ మనిషి గుండె ఒక్కచోటనే వుంటుంది. అదే 1976లో అమెరికా కూడా, మాకిక డాక్టర్ల కొరత లేదని చట్టంలోనే రాసుకుని, బయటి డాక్టర్లకు తలుపు సగం మూసింది. తలుపు తెరిచి వున్న రోజుల్లో మాత్రం లోపలికి పోయినవాళ్లకు దొరికిందేమిటి? బ్రిటనులో తెల్ల డాక్టర్లు ఇష్టపడని శాఖలు. ముసలివాళ్ల వార్డులూ, మానసిక రోగుల ఆసుపత్రులూ దక్షిణాసియా డాక్టర్ల మీద నడిచాయి. ఆ వార్డులలోని ముసలివాళ్లకు మంచి వైద్యం అందింది. చేసినవాళ్లకు మాత్రం పై మెట్టు అందలేదు.

కెనడావాళ్లు 1967లోనే, రంగూ దేశమూ చూడం, చదువుకిన్ని, వయసుకిన్ని, భాషకిన్ని అని మార్కులు వేసి మనుషులను రానిస్తాం, అన్నారు. ఆ మార్కులు సంపాదించి విమానం దిగినవాణ్ణి అక్కడి కంపెనీలు అడిగిన మొదటి ప్రశ్న: కెనడా అనుభవం వుందా? ఇవాళ దిగినవాడికి నిన్నటి కెనడా అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? పెళ్లి కావాలంటే ముందు పిల్లలుండాలన్నట్టుంది. ఈ కోరికను బలమైన కారణం లేకుండా పెడితే అది పైకి కనిపించినంత మట్టుకు వివక్షేనని ఒంటారియో మానవ హక్కుల సంఘం 2013లో ప్రకటించింది. ఆ రాష్ట్రపు ఇంజనీర్ల సంస్థ 2023లో లైసెన్సుకు ఆ నిబంధన తీసేసింది. ఉద్యోగ ప్రకటనలలో ఆ మాట రాయకూడదన్న చట్టం 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మార్కుల పద్ధతి వచ్చిన ఏడాదికీ దీనికీ మధ్య దాదాపు అరవై సంవత్సరాలు. ఆ అరవై సంవత్సరాలలో టాక్సీలు నడిపిన ఇంజనీర్లు, గోదాముల్లో పెట్టెలు మోసిన అధ్యాపకులు కొత్తగా ఏమీ నేర్చుకుని సమర్థులు కాలేదు. మొదటి నుంచీ సమర్థులే. వచ్చినవాళ్లు సంఘాలు కట్టి వాదించటం వల్లనే అయినా, దేశానికి మనుషులు కావలసి రావటం వల్లనే అయినా, మారింది నిబంధన.

మన దగ్గర మరొక అనుభవం వుంది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు మద్రాసు నుంచి ఉద్యోగులు మూటాముల్లె సర్దుకుని వచ్చారు. ఊళ్లో ఇళ్లు లేవు. డేరాలు వేసుకున్నారు. ఎండకూ దుమ్ముకూ వాళ్లు పెట్టిన శాపనార్థాలు పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కాని వాళ్లలో ఒక్క గుమాస్తానైనా, మద్రాసులో చేసిన పని కర్నూలులో చెల్లదు, ఇక్కడి అనుభవం తెచ్చుకో, అన్నవాడు లేడు. వాళ్లకు తల దాచుకునే చోటు లేకపోయింది గాని, హోదా వాళ్ల కంటె ముందే వచ్చి డేరాలో కూర్చున్నది. వాళ్లు ప్రభుత్వం వెంట వచ్చారు. మన కుర్రవాడు ఒక ఏజెంటు వెంట వెళ్లాడు. విద్యలో తేడా కంటె ఈ తేడాయే పెద్దదని ఎవరైనా ఒప్పుకుంటారనుకుంటాను.

అమెరికా సంగతి వేరని మన మధ్యతరగతి నమ్మకం. కువైట్‌కు పోయినవాడు పోయినట్టు, అమెరికాకు పోయినవాడు ఎదిగినట్టు చెప్పుకుంటారు. ప్రొద్దుటూరులోనూ నంద్యాలలోనూ వియ్యాలవారి మాటల్లో ఈ తేడా ఇంకా బాగా వినిపిస్తుంది. కాని చూస్తే పనితనం ఒకటే. కువైట్‌లో కఫీలు లేకుండా అకామా లేదు. అమెరికాలో 1990 చట్టం పుట్టించిన హెచ్-1బి వీసా యజమాని చేతి మీదుగా రావలసిందే. ఏడాదికి 85 వేలు. ఎవరికో లాటరీ చెబుతుంది. చదువు ముగించిన విద్యార్థి తొంభై రోజులకు మించి పని లేకుండా వుండకూడదు. హెచ్-1బి మీద వున్నవాడి ఉద్యోగం పోతే అరవై రోజులు. బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే మనిషికి యజమాని లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. గడియారం చూసుకుంటూ బేరమాడేవాడికి ఏ సంతలోనైనా ఏ ధర దొరుకుతుందో మన పశువుల సంతలకు పోయిన రైతుకు చెప్పనక్కరలేదు. సాయంత్రం దాకా అమ్ముడుపోని ఎద్దును ఇంటికి తోలుకుపోవటానికి మేత లేనివాడు, ఎంతిస్తే అంతకే ఇస్తాడు.

ఈ ఇరుకులో నుంచే ఒక రోత పుట్టింది. దాన్ని గురించి మనవాళ్లు గుసగుసలాడుకుంటారు గాని రాయరు. ఇక్కడి అనుభవం కావాలి అన్నవాడికి, లేని అనుభవాన్ని కాగితం మీద తయారు చేసి ఇచ్చే కన్సల్టెన్సీలు వున్నాయి. నిన్న చదువు ముగించిన కుర్రవాడికి ఎనిమిదేళ్ల ఉద్యోగ చరిత్ర రాసి పెడతారు. అతని బదులు మరొకడు ఫోనులో ఇంటర్వ్యూకు జవాబులు చెబుతాడు. వచ్చిన జీతంలో వాటా తీసుకుంటారు. పని దొరికేదాకా బెంచి మీద కూర్చోబెడతారు. అన్యాయపు నిబంధనకు అబద్ధమే తగిన జవాబని వీళ్ల వాదన. వలస రాజ్యాంగం మీద అబద్ధమాడితే పాపమేమిటని నన్నొక విద్యార్థి అడిగాడు కూడా. పాపపుణ్యాల సంగతి నాకు తెలియదు. ఆ అబద్ధం ఎవరికి తగులుతున్నదో చూడమన్నాను. కంపెనీకి తగలదు, దానికి పని జరిగితే చాలు. నిజంగా రెండేళ్ల అనుభవం వుండి, రెండేళ్లనే రాసుకున్న తోటి కుర్రవాడికి తగులుతుంది. ఎనిమిది పక్కన రెండు నిలవదు గనక అతనూ రేపు ఎనిమిది రాస్తాడు. ఎల్లుండి కంపెనీలు పది అడుగుతాయి. గేటు ఇంకొంచెం ఎత్తవుతుంది. 2019లో అమెరికా పోలీసులు ఫార్మింగ్టన్ అనే దొంగ విశ్వవిద్యాలయాన్ని వలగా పెట్టి 130 మందికి పైగా విద్యార్థులను పట్టుకున్నప్పుడు, అందులో అధికభాగం మన తెలుగు పిల్లలే. వల పన్నినవాళ్లను క్షమించలేను. కాని ఆ వల దాకా నడిపించుకుపోయినవాళ్లు మనవాళ్లేనని కూడా మరిచిపోలేను.

ఇప్పుడు మేనత్త దగ్గరకు వస్తాను.

వలసపోయిన నిపుణుడి దుఃఖాన్ని గురించి మనం రాసే రాతలన్నింటిలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: ఇంత చదివినవాడు డ్రైవరు పని చేయవలసి వచ్చెనే! ఆ మాట చదివే డ్రైవరుకు ఏమనిపిస్తుందో ఎవరూ ఆలోచించరు. డ్రైవరు పని అవమానమైతే అది డ్రైవరుకూ అవమానమే. కాకపోతే ఇంజనీరుకూ కాదు. ఇంజనీరుకు జరిగిన అన్యాయం అతను కింది పనికి దిగటం కాదు. అతనికి వచ్చిన పనిని వాడుకుని దాని ధర ఎగవేయటం. ఈ రెంటినీ కలిపేస్తే మన ఆగ్రహం న్యాయం కోసం కాక హోదా కోసం అవుతుంది. మన పాతకాలపు మెట్లనే, కువైట్‌లోనూ టెక్సాస్‌లోనూ నిలబెట్టమని కోరినట్టవుతుంది. అభ్యుదయవాదులమనుకునేవాళ్లం కూడా ఈ పొరపాటు చేస్తూనే వున్నాము. నేనూ చేశాను. కుర్రవాడు ఫోను చేసినప్పుడు నాకు మొదట కలిగిన బాధ, అయ్యో, టెక్నీషియనా, అన్నదే.

మేనత్తకు ఏమి వచ్చునో చూడండి. ఆమె అరబ్బీ మాట్లాడుతుంది, ఎవరూ నేర్పకుండా, వంటింట్లో నేర్చుకున్నది. ఆ ఇంటి పిల్లలు ముగ్గురిని పెంచి బడికి పంపింది. చక్కెర జబ్బున్న ముసలమ్మకు వేళ తప్పకుండా సూది మందు ఇచ్చింది. ఇరవై మంది వచ్చినా వాళ్ల వంటలు వాళ్ల పద్ధతిలో వండి పెడుతుంది. పిల్లల పెంపకం, రోగి సేవ, వంట, పరభాష. ఇందులో ఒక్కొక్కటి వేరుగా పట్టా పుచ్చుకుని చేస్తే ఒక్కొక్క వృత్తి. నాలుగూ కలిపి ఒక మనిషి చేస్తే, నైపుణ్యం లేని శ్రమ! కువైట్‌లో 2010లో వచ్చిన కార్మిక చట్టం ఇంటి పనివాళ్లను తన పరిధిలోకి రానివ్వలేదు. వాళ్లకని వేరే చట్టం 2015లో గాని రాలేదు. మన దేశం మాత్రం? 1983 నాటి మన వలస చట్టం కింద పాస్‌పోర్టులను రెండు రకాలుగా విడగొట్టాము. పదో తరగతి తప్పినవాళ్లు కువైట్ వంటి దేశాలకు పోవాలంటే ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. వాళ్లను మోసాల నుంచి కాపాడటానికే ఆ ఏర్పాటు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కాని కువైట్ ఇంజనీర్ల సొసైటీ చేసిన పనీ ఈ పనీ ఒక్క కోవకు చెందినవేనని గమనించాలి. రెండూ మనిషికి ఏమి వచ్చునని అడగవు, ఏ పరీక్ష రాశావని అడుగుతాయి.

అంత దూరం పోవటమెందుకు? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా బిడ్డాపాపలతో సుగ్గికి పోయేవాళ్లు గుంటూరు చేలల్లో మిరపకాయను తొడిమ విరగకుండా ఎంత వేగంగా కోస్తారో చూసినవాళ్లు, అది నైపుణ్యం కాదనలేరు. ఒక్కరోజు నేను ప్రయత్నించాను. సాయంత్రానికి నా చేతులు మండిపోయాయి, గంప మాత్రం నిండలేదు. బేతంచెర్ల గనుల్లో బండను గూటంతో తట్టి, శబ్దాన్ని బట్టి పొర ఎక్కడ విడుతుందో చెప్పే మనిషికి భూగర్భశాస్త్రంలో ఏ పట్టా లేదు. కూలి లెక్కలో వీళ్లందరూ ఒక్కటే గడిలో వుంటారు. ఇంజనీరు నిన్నటిదాకా ఆ గడికి బయట వున్నాడు. కువైట్ గుమాస్తా ఒక్క మాట మార్చి అతన్ని దాని అంచుకు తెచ్చాడు. అప్పుడు గాని మనకు ఆ గడి కనిపించలేదు.

ఎమ్మిగనూరు నేతగాళ్లకు 1938లో సహకార సంఘం ఏర్పడింది. మాచాని సోమప్ప పేరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేతగాడికి పట్టా అక్కరలేదు, అతని గుడ్డే సాక్ష్యం. సంఘం చేసిందల్లా, ఆ సాక్ష్యాన్ని షావుకారు ఒక్కడే చదివి ధర చెప్పే పరిస్థితిని మార్చటం. వలసపోయినవాడికి ఆ వీలు కూడా లేదు. కువైట్ చట్టం సంఘం పెట్టుకునే హక్కును ఆ దేశపు పౌరులకే ఇచ్చింది. ఆ దేశంలో వున్నవాళ్లలో మూడింట రెండు వంతులు పౌరులు కానివాళ్లు.

పది రోజుల తరువాత నేను ఆ కుర్రవాడికి ఫోను చేశాను. సంతకం పెట్టు, కాని ఏ తేదీన ఏ భవనానికి ఏ లెక్క కట్టావో రోజూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకో, అన్నాను. అతను నవ్వాడు.

"సంతకం మూడో రోజే పెట్టినా సార్. మా అత్త పెట్టమనింది. శుక్రవారం మాలియాలో కలిసినప్పుడు కాగితం చూపిచ్చినా. 'కాగితంలో ఏం రాస్తే ఏంరా, నన్ను ఇన్నేండ్లూ పనిమనిషి అనే రాసినారు, నేను చేసిన పని తగ్గిందా' అనింది. మందూబుతో కూడా ఆమే అరబ్బీలో మాట్లాడింది. జీతం రొంత పెంచినారు."

మందూబు అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ కచేరీల్లో పనులు నడిపే మనిషి. అతనితో మాట్లాడటానికి ఇంజనీరుకు భాష రాలేదు, ఖద్దామాకు వచ్చింది.

"పుస్తకం రాస్తా లెండి సార్," అన్నాడు. ఫోను పెట్టేసే ముందు మరొక మాట అడిగాడు. "తమ్ముడు కూడా ఆ కాలేజీలోనే చేరతానంటాండాడు. మా బ్రాంచికి ఇప్పుడన్నా ఆ గుర్తింపు వచ్చిందేమో రొంత కనుక్కుంటారా?"

మర్నాడు వెళ్లి కనుక్కున్నాను. దరఖాస్తు పెట్టాము, వచ్చే నెల కమిటీ వస్తుంది, అన్నారు. కాఫీ ఇచ్చారు. లేచి వస్తుంటే ఆఫీసు మనిషి ఒకడు వెంట వచ్చి, "సార్, ఆ రోజు మీకు వీలవుతుందా? పోయినసారి లాగే," అన్నాడు.

వీలు కాదన్నాను. అతనేమీ నొచ్చుకోలేదు. జేబులో నుంచి పేర్ల పట్టీ తీసి, నా పేరు కొట్టేసి, కింది పేరుకు ఫోను చేయటం మొదలు పెట్టాడు.